నడిమి చూపు తగ్గుతుంటే ఫోటో తీయించండి, రకం అడగండి



మొన్న సోమవారం ఓ.పి.లో చీటీలు చూస్తుండగా జగిత్యాల వైపు నుండి వచ్చిన ఒక అవ్వ నా ఎదురుగా కూర్చుంది. 70 ఏళ్ళు దాటి ఉంటాయి. "ఏమైంది అవ్వా?" అని అడిగాను. ఆమె ఇలా అన్నది: "నీ చెవుల కమ్మలు కనవడుతున్నయి బిడ్డా. నీ కొంగు కనవడుతున్నది. నీ మొకమే కనవడ్తలేదు." వెంట వచ్చిన కొడుకు నవ్వి, "ముసలితనం సిస్టరమ్మా. మోతిబిందు అయి ఉంటది. ఆపరేషన్‌కు రాయించుండ్రి" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. మోతిబిందు, అంటే శుక్లం, వస్తే చూపు మొత్తం మంచు కమ్మినట్టు మసకబారుతుంది. ముఖం కనబడక పక్కనున్న కమ్మలు మాత్రం కనబడటం శుక్లం లక్షణం కాదు. అది కంటి వెనుక పొర నడిమధ్యలో వచ్చే జబ్బు చెప్పే మాట. వైద్యులు దానిని వయసుతో వచ్చే మాక్యులా క్షీణత అంటారు. పొట్టిగా ఏ.ఎం.డి. అని రాస్తారు.

ఈ జబ్బు గురించి, దానిని కనిపెట్టే కంటి ఫోటోల గురించి నా అభిప్రాయం ఈ నెల మీ ముందు పెడుతున్నాను. నేను డాక్టరును కాను. నర్సింగ్ డిప్లొమా చదివి, వార్డుల్లోనూ కంటి విభాగంలోనూ 30 ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషిని. రోగి పక్కన నిలబడి చూసినదే రాస్తున్నాను.

నా మాట సూటిగా ఇది. పెద్దవాళ్ళకు నడిమి చూపు తగ్గితే "వయసు" అని ఊరుకోవడం తప్పు. పరీక్ష లేకుండా "శుక్లం" అని మనమే తేల్చుకోవడం అంతకంటే పెద్ద తప్పు. కంటి వెనుక ఫోటో తీయించాలి, వచ్చిన జబ్బు ఏ రకమో డాక్టరు నోట వినాలి. రకం తెలియకుండా వాడే మందుకు పెట్టే డబ్బు నీళ్ళలో పోసినట్టే.

మాక్యులా అంటే ఏమిటి?

కంటిని పాత కెమెరాతో పోలిస్తే వెనుక ఉండే రీలు వంటిది రెటీనా. ఆ రెటీనా నడిమధ్యలో సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పున్న చోటు మాక్యులా. మనిషి ముఖం గుర్తుపట్టడం, పాటల పుస్తకంలో అక్షరం చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, బస్సు బోర్డు చదవడం అన్నీ ఈ చిన్న చోటు చేసే పనులే. ఇది పాడైనా మనిషి పూర్తిగా గుడ్డివాడు కాడు. గోడ పట్టుకోకుండానే ఇంట్లో నడుస్తాడు. అందుకే ఇంట్లో వాళ్ళు జబ్బును గుర్తించరు. "నడుస్తున్నది కదా, తింటున్నది కదా" అంటారు. ఆమె ఎవరి ముఖమూ చూడక ఎన్ని నెలలైందో ఎవరూ అడగరు.

ఈ జబ్బు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పొడి రకం. మాక్యులా కింద డ్రూసెన్ అనే పసుపు రంగు చుక్కలు పేరుకుంటాయి, కణాలు మెల్లగా అరిగిపోతాయి. ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుంది. కొందరిలో చివరకు ఆ చోటు కణాలు పూర్తిగా చచ్చి, పొలంలో చవుడు పడ్డ చోటులా మిగులుతుంది. రెండవది తడి రకం. రెటీనా కింద ఉండకూడని కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి బలం లేనివి. నీరు కారుతుంది, రక్తం కారుతుంది. వారాల్లోనే చూపు పడిపోతుంది. సరైన వేళకు వైద్యం లేకపోతే అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కట్టాక పోయిన చూపును తిరిగి తెచ్చే మందు లేదు.

పొడి రకం ఎక్కువమందికి వస్తుంది. తడి రకం తక్కువమందికే వచ్చినా చూపును త్వరగా తీసుకుపోయేది అదే. పొడి రకం ఉన్న కన్ను ఒకరోజు తడి రకంగా మారవచ్చు. తడి రకంలో మళ్ళీ పాలిపాయిడల్ అనే ఒక ఉపరకం ఉంది. రక్తనాళాల చివర ద్రాక్ష గుత్తుల వంటి ఉబ్బులు వస్తాయి. ఇది తెల్లవాళ్ళలో కంటే మన ఆసియా వాళ్ళలో ఎక్కువ. ఈ తేడాలు టార్చిలైటుకు కనబడవు. ఫోటోలు కావాలనడం అందుకే.

నా ఇంట్లో జరిగిన తప్పు

ఇది ఇతరులకు బోధించడానికి రాస్తున్న విషయం కాదు. 2009లో దసరా పండుగకు మేము ఊరు వెళ్ళినప్పుడు మా అత్తమ్మ నాతో అన్నది, "కరెంటు కంబం నడుమ వంకర వోయినట్టు కనవడుతున్నదే." నేను అప్పటికే ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న నర్సును. ఒక నిమిషం ఆగి ఆలోచించి ఉంటే చాలు. కాని పనుల తొందరలో, "శుక్లం మొదలై ఉంటుంది అత్తమ్మా, చలికాలం పోనీ, ఆపరేషన్ చేయిద్దాం" అన్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ అయింది. శుక్లం ఉన్న మాట నిజమే, ఆపరేషన్ కూడా బాగానే చేశారు. కాని కట్టు విప్పాక ఆమె, "వెలుగు వచ్చింది బిడ్డా, నడుమ నల్లమచ్చ మాత్రం అట్లనే ఉంది" అన్నది. అప్పుడు హైదరాబాదు తీసుకుపోయాం. రెటీనా డాక్టరు స్కాన్ తీసి, తెర మీద చూపించి, "ఇది తడి రకం. నాలుగైదు నెలల కింద వచ్చి ఉంటే బాగుండేది. ఇప్పుడు మచ్చ కట్టింది" అన్నారు. వంకరపోయిన కంబం గురించి ఆమె మొదట చెప్పింది నాకే. నేను వినలేదు.

రెండో కంటి సంగతి వేరు. డాక్టరు చెప్పినట్టు ఇంట్లో షాబాదు బండల గీతలను రోజూ ఒక్కో కంటితో చూసుకొమ్మని అత్తమ్మకు నేర్పాం. ఏడాది దాటాక ఒక ఉదయం, "గీత వంకర వోతున్నది" అని ఫోను చేయించింది. మూడో రోజుకు స్కాన్ అయింది. ఆ వారంలోనే కంటిలో సూదిమందు పడింది. ఆ తరువాత ఎన్నో సూదులు పడ్డాయి. ఆ కంటితో ఆమె చివరిదాకా మనవరాళ్ళ ముఖాలు చూసింది, బియ్యం ఏరింది. జబ్బు ఒకటే, మనిషి ఒకరే. ఒక కన్ను నా నిర్లక్ష్యానికి పోయింది, రెండో కన్ను మూడు రోజుల్లో తీసిన ఫోటోకు నిలిచింది. నా అభిప్రాయం ఇంత గట్టిగా ఉండటానికి కారణం ఇదే.

ఏ ఫోటో ఏమి చెబుతుంది?

మా దగ్గరికి వచ్చే కుటుంబాలు "ఆ స్కాన్", "ఈ స్కాన్" అంటూ కాగితాలు పట్టుకుని వస్తాయి. ఏది ఎందుకో తెలిస్తే భయం తగ్గుతుంది, దండగ ఖర్చు కూడా తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు కంటిపాపను చుక్కలతో పెద్దది చేసి డాక్టరు లెన్సుతో చూస్తారు. దానిని ఏ యంత్రమూ తీసివేయలేదు. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుకుంటుంది. కాబట్టి ఆ రోజు బండి నడపకండి, వెంట ఒకరు రండి. బి.పి., గుండె జబ్బు, నీటికాసులు ఉంటే చుక్కలు వేయకముందే నర్సుకు చెప్పండి.

మొదటి ఫోటో కంటి వెనుక భాగపు రంగుల ఫోటో. ఫండస్ ఫోటో అంటారు. పసుపు చుక్కలు, రక్తపు మరకలు ఇందులో కనబడతాయి. వచ్చే ఏడాది ఫోటోతో పోల్చడానికి ఇది సాక్ష్యం వంటిది.

రెండవది ఓ.సి.టి. స్కాన్. నా దృష్టిలో ఇది ఈ జబ్బుకు అన్నిటికంటే ముఖ్యమైనది. 1991లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జేమ్స్ ఫుజిమోటో బృందం దీనిని ప్రపంచానికి చూపించింది. ఆ బృందంలో డేవిడ్ హువాంగ్ అప్పటికి ఇంకా విద్యార్థి. ఈ పనికి ఫుజిమోటో, హువాంగ్, ఎరిక్ స్వాన్సన్ ముగ్గురికీ 2023లో లాస్కర్ బహుమానం వచ్చింది. దీని సూత్రం సులువు. పొట్టలో బిడ్డను చూసే స్కాన్ శబ్దపు ప్రతిధ్వనితో పనిచేస్తుంది. ఇది కంటికి కనబడని మెల్లని వెలుతురు తిరిగి రావడాన్ని కొలిచి పనిచేస్తుంది. మాక్యులా నడిమి భాగం మందం సుమారు పావు మిల్లీమీటరు. అంత పలుచని దానిని కూడా పొరపొరగా, ఉల్లిగడ్డ కోసి చూపినట్టు తెరమీద చూపిస్తుంది. కంటిని ఏదీ తాకదు. సూది లేదు, ఎక్స్‌రే లేదు. గడ్డం ఆనించి, లోపలి గుర్తును కదలకుండా చూస్తే కొన్ని సెకన్లలో అయిపోతుంది.

ఆ బొమ్మలో పొడి రకమైతే అడుగు పొర కింద చిన్న చిన్న గుట్టలు కనబడతాయి. అవే డ్రూసెన్. తడి రకమైతే పొరల నడుమ నల్లని ఖాళీలు కనబడతాయి. అది నీరు. కణాలు చచ్చిన చోట పొరలే పలుచబడి వెలుతురు కిందికి దిగిపోతుంది. సూదిమందు పడ్డాక నీరు తగ్గిందా లేదా అనేది కూడా ఈ బొమ్మే చెబుతుంది. షుగరు వల్ల వచ్చే వాపు, మాక్యులాలో రంధ్రం వంటి వేరే జబ్బులు కూడా ఇందులో విడిగా తెలుస్తాయి.

మూడవది రంగు మందు ఎక్కించి తీసే ఫోటోలు. ఎఫ్.ఎఫ్.ఏ. అంటారు. ఇది 1961 నుండి ఉన్న పరీక్ష. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నోవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు దీనిని మొదట ప్రకటించారు. చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కిస్తారు. 10, 15 సెకన్లలో అది కంటికి చేరుతుంది. వరుసగా ఫోటోలు తీస్తారు. ఎక్కడ నాళం కారుతున్నదో అక్కడ రంగు చిమ్ముతుంది.

ఈ పరీక్ష అంటే మన జనానికి చాలా భయం. ఆ గదిలో ఎన్నో ఏళ్ళు నిలబడిన దానిగా చెబుతున్నాను. ఒంటికి, కళ్ళకు కొన్ని గంటలు పసుపు రంగు వస్తుంది. ఒకటి రెండు రోజులు మూత్రం పచ్చగా వస్తుంది. అది పచ్చకామెర్లు కాదు, మందు బయటికి పోవడం. ఒకసారి ఒక బాపు ఇంటికి పోయి మూత్రం చూసి, రాత్రికి రాత్రే కామెర్లకు పసరు పోయించుకున్నాడు. తప్పు ఆయనది కాదు, ముందే చెప్పని మాది. కొందరికి ఒక నిమిషం వికారం, వాంతి వస్తాయి. మెల్లగా ఊపిరి పీల్చుకుంటే పోతుంది. దద్దుర్లు, దురద కొద్దిమందికి వస్తాయి. ప్రాణం మీదికి వచ్చే అలర్జీ చాలా అరుదు. అయినా దానికి కావలసిన మందులన్నీ ట్రేలో సిద్ధంగా పెట్టుకునే మేము సిరంజి ఎత్తుతాం. ఇంతకుముందు ఏ మందైనా పడకపోతే, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉంటే, గర్భిణి అయితే ముందే చెప్పండి. ఆ ఒక్క మాట దాచవద్దు.

నాలుగవది ఐ.సి.జి. అనే ఆకుపచ్చ రంగు మందు పరీక్ష. ఇది రెటీనా కింది లోతైన నాళాలను చూపిస్తుంది. పైన చెప్పిన పాలిపాయిడల్ రకాన్ని తేల్చేది ప్రధానంగా ఇదే. ఈ మందులో అయోడిన్ ఉంటుంది కాబట్టి అయోడిన్ పడనివాళ్ళు తప్పక చెప్పాలి.

ఇవి కాక ఇంకో రెండు ఉన్నాయి. రంగు మందు లేకుండా రక్త ప్రవాహాన్ని చూపించే ఓ.సి.టి. ఆంజియో ఒకటి. అది నాళాల ఆకారం చూపుతుంది, కారడం మాత్రం చూపదు. కణాలు తమంతట తామే ఇచ్చే మెరుపును పట్టే ఆటోఫ్లోరోసెన్స్ ఫోటో రెండవది. చచ్చిన చోటు ఇందులో నల్లగా కనబడుతుంది. పొడి రకం ఎంత వేగంగా పాకుతున్నదో కొలవడానికి అది పనికి వస్తుంది.

అందరికీ అన్నీ అవసరం లేదు. మామూలుగా లెన్సు పరీక్ష, రంగుల ఫోటో, ఓ.సి.టి. సరిపోతాయి. అనుమానం మిగిలితేనే రంగు మందు పరీక్ష. కాబట్టి "ఏ ప్రశ్నకు జవాబు కోసం ఈ పరీక్ష?" అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు కోపగించుకోడు.

రకం తెలిస్తే ఏమి లాభం?

"ఎట్లాగూ వయసు జబ్బే కదా, పేరు తెలిస్తే ఏమొస్తది?" అని అడుగుతారు. చాలా వస్తుంది.

తడి రకమైతే కంటి లోపలికి సూదిమందు వేస్తారు. ఆ మందు కొత్త నాళాలను అణచుతుంది. ఈ వైద్యానికి అమెరికాలో మొదటి పెద్ద మందు రానిబిజుమాబ్‌కు 2006లో అనుమతి వచ్చింది. పేగు క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్‌ను కూడా కంటికి వాడుతున్నారు. దాని ధర చాలా తక్కువ. ఈ రెండూ చూపు విషయంలో దాదాపు సమానమేనని 2011లో అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జరిగిన అధ్యయనం చూపింది. మన దేశంలో తయారైన రానిబిజుమాబ్ 2015 నుండి దొరుకుతున్నది. కాబట్టి ఖరీదు విని గుండె జారిపోకుండా, తక్కువ ధరలో సురక్షితమైనది ఏదని డాక్టరును అడగండి. పాలిపాయిడల్ రకమైతే కొందరికి సూదితోపాటు ప్రత్యేకమైన కాంతి చికిత్స కూడా కావలసి వస్తుంది.

పొడి రకానికి ఆ సూది పనికిరాదు. మధ్యస్థ దశకు చేరిన వాళ్ళలో కొన్ని విటమిన్లు, జింకు కలిపిన ప్రత్యేక మాత్ర వాడితే 5 ఏళ్ళలో జబ్బు ముదిరే అవకాశం సుమారు నాలుగో వంతు తగ్గిందని 2001లో అమెరికా అధ్యయనం చెప్పింది. పాత మాత్రలోని బీటా కెరోటిన్ పొగ తాగేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెంచుతుంది. అందుకే 2013లో దాని స్థానంలో ల్యూటిన్, జియాగ్జాంథిన్ చేర్చారు. తొలి దశలో ఉన్నవాళ్ళకు, జబ్బే లేనివాళ్ళకు ఆ మాత్ర వల్ల లాభం కనబడలేదు. పూర్తిగా అరిగిన దశకు వాడే రెండు సూదిమందులకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి పాకడాన్ని నెమ్మది చేస్తాయి కాని పోయిన చూపును తేవు.

ఇప్పుడు చూడండి. తడి రకం ఉన్న అవ్వ ఎవరో చెప్పిన విటమిన్ మాత్రలు ఆరు నెలలు మింగితే కన్ను పోతుంది. తొలి దశ పొడి రకం ఉన్న తాత అవే మాత్రలు ఏళ్ళ తరబడి కొంటే డబ్బు పోతుంది. రెండు నష్టాలూ నేను చూశాను. రెండింటికీ కారణం ఒకటే, రకం ఎవరూ అడగలేదు.

మన జిల్లాల సంగతి

ఈ జబ్బు పట్నపు జబ్బు అనుకోకండి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాదు బయట తన మొదటి గ్రామీణ కంటి ఆసుపత్రిని 1996లో మన ముధోల్‌లోనే పెట్టింది. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, 2016 నుండి నిర్మల్ జిల్లా. అదే సంవత్సరం నుండి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం జరిగింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించారు. 40 ఏళ్ళు దాటిన వాళ్ళలో నూటికి దాదాపు ఇద్దరికి ఈ మాక్యులా జబ్బు కనబడింది. 60 దాటిన వాళ్ళలో, చుట్ట తాగే అలవాటు ఉన్నవాళ్ళలో అది ఎక్కువగా ఉంది.

చుట్ట, బీడీ మన జిల్లాల్లో ఎంత మామూలో మీకు తెలుసు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే అక్కలు, వదినలు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. ఆ పనికి నడిమి చూపే ఆధారం. ఆకు కత్తిరించడం కష్టమవుతున్నదని ఒక ఆడమనిషి చెబితే అది కూలి పోయే మాట, కన్ను పోయే మాట కూడా. కాని మగవాళ్ళ కన్ను మసకబారితే కరీంనగర్‌కు బండి కడతాం, ఆడవాళ్ళ కన్ను మసకబారితే పత్తి తీత అయిపోనీ అంటాం. ఇది నాకు బాధ కలిగించే విషయం.

2018 ఆగస్టు 15న మొదలై, 2023లో రెండో విడత జరిగిన కంటి వెలుగు శిబిరాల్లో ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా పరీక్షలు జరిగాయి. ఎంతోమంది పెద్దవాళ్ళకు అద్దాలు వచ్చాయి. అది మంచి పని, కృతజ్ఞతతో చెప్పాలి. కాని అద్దాలు ఇచ్చాక కూడా నడిమి చూపు సరికాని వాళ్ళు ఉంటారు. అద్దం మార్చినా అక్షరం నడుమ ఖాళీ పోకపోతే లోపం అద్దంలో లేదు, రెటీనాలో వెతకాలి. ఏ శిబిరంలోనైనా, మన ఆసుపత్రి పెట్టే శిబిరాల్లో కూడా, గీతల గడుల కాగితం ఒకటి గోడకు ఉండాలని, వంకర కనబడిన ప్రతి మనిషికి స్కాన్ చీటీ రాయాలని నేను కోరుతున్నాను. స్విట్జర్లాండ్ కంటి వైద్యుడు ఆమ్స్‌లర్ 1940లలో వాడుకలోకి తెచ్చిన ఆ కాగితానికి ఒక జిరాక్సు ఖర్చే.

శుక్లం ఆపరేషన్ గురించి కూడా ఒక మాట. ఆపరేషన్‌కు ముందే రెటీనాను చూడాలి. శుక్లం తక్కువగా ఉండి చూపు మాత్రం బాగా తగ్గిందంటే ఓ.సి.టి. తీయకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. శుక్లం మరీ ముదిరి లోపల కనబడకపోతే, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే రెటీనా పరీక్ష చేయించండి.

మీరు అనే మాటలు, నా జవాబు

"ఖర్చు ఎక్కువ." ఖర్చు ఉన్నది, కాదనను. కాని స్కాన్ ఖర్చు ఒకరోజుది. చూపు పోయిన మనిషిని కనిపెట్టుకుని ఉండే ఖర్చు ఏళ్ళ తరబడిది, దానికి రసీదు ఉండదు అంతే. వెళ్ళే ముందు ఆసుపత్రిలో ధర, రాయితీ, ఆరోగ్యశ్రీ డెస్కులో మీ కార్డు సంగతి అడిగి తెలుసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి.

"ఈ వయసులో ఎందుకు?" 75 ఏళ్ళ మనిషికి మిగిలిన రోజుల్లో కావలసింది ఏమిటి? తన మనుషుల ముఖాలు. అవే కనబడకపోతే ఏ వయసులోనైనా నష్టమే.

"స్కాన్ తీయించాం, అయిపోయింది." ఈ మాట అన్నిటికంటే ప్రమాదం. తీసిన బొమ్మను బీరువాలో పెట్టి, సూదికి పిలిచిన తేదీన రాకపోతే స్కాన్ తీసి లాభం లేదు. సాధారణంగా మొదట నెలకొకటి చొప్పున మూడు సూదులు, తరువాత స్కాన్ చూసి ఎడం పెంచుతారు. రెండో సూదికే "మంచిగనే ఉన్నది" అని మానేసి, ఆరు నెలల తరువాత మచ్చతో వచ్చిన వాళ్ళను చూసి నేను ఎన్నోసార్లు మనసులో ఏడ్చాను.

ఇంట్లో చేయవలసినవి

1. 50 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ వారానికి ఒకసారి ఒక కన్ను మూసి, మరో కంటితో బండల గీతలు, క్యాలెండరు గడులు, దర్వాజ అంచు చూడాలి. చదివే అద్దాలు ఉంటే పెట్టుకునే చూడాలి. రెండు కళ్ళు తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డ కంటిని దాచేస్తుంది.

2. గీత వంకరపోయినా, నడుమ మచ్చ కనబడినా ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి పోండి. నాట్లు, పెళ్ళిళ్ళు, పండుగలు దానికి అడ్డం రాకూడదు.

3. పరీక్ష అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ రకం? ఏ దశ? మళ్ళీ ఎప్పుడు రావాలి? జవాబులు చీటీ మీద రాయించుకోండి.

4. స్కాన్ కాగితాలన్నీ ఒకే సంచిలో తేదీల వారీగా పెట్టండి. ప్రతిసారి వెంట తెండి. పాత బొమ్మ లేకపోతే కొత్త బొమ్మ సగమే మాట్లాడుతుంది.

5. చుట్ట, బీడీ, సిగరెట్టు మానండి. బి.పి. అదుపులో పెట్టుకోండి. తోటకూర, పాలకూర, మునగాకు, మక్కజొన్న, గుడ్డు పచ్చసొన తినండి. ఇవి మందుకు బదులు కాదు, మందుకు తోడు.

6. ఒక కంటికి తడి రకం వచ్చినవాళ్ళు రెండో కంటిని రోజూ చూసుకోవాలి.

7. సూదిమందు పడ్డాక కన్ను బాగా నొప్పి పెట్టినా, ఎర్రబడినా, చూపు తగ్గినా మరునాటి దాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి రండి.

చివరగా స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్ళకు, సంఘ పెద్దలకు ఒక మనవి. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని పెదవులు కదపని అవ్వ మీ పక్కన కూర్చుని ఉండవచ్చు. పలకరిస్తే ముఖం కాక గొంతు విని పేరు చెప్పే తాత ఉండవచ్చు. ఆరాధన అయ్యాక అడగండి, "నా మొకం కనవడుతున్నదా అవ్వా?" అని. కనబడటం లేదంటే మరుసటి వారమే ఎవరో ఒకరు తోడుండి బస్సు ఎక్కించండి. ఒక్కరు వెంట లేకనే మన పెద్దవాళ్ళలో చాలామంది ఇంటి గడప దాటడం లేదు.

ఆ సోమవారం వచ్చిన అవ్వకు స్కాన్ అయింది. ఒక కంట్లో తడి రకం, ఇంకా మచ్చ కట్టలేదు. రెండో కంట్లో పొడి రకం. మొదటి సూది పడింది. రెండో సూది తేదీని ఆమె కొడుకు తన ఫోనులో నా ముందే రాసుకున్నాడు. ఆ తేదీన అతను అవ్వను తీసుకొస్తాడా లేదా అని నేను గుమ్మం వైపు చూస్తూనే ఉంటాను.

– నర్సింగ్ సూపరింటెండెంట్